రంపం మోగక ముందే జరిగే పని

బ్రిటన్‌కు వచ్చే తెలుగువాళ్లు ఆసుపత్రుల్లోనో, సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లోనో, గిడ్డంగుల్లోనో కనిపిస్తారు గానీ, చెట్లు కోసే పనిలో నాకు ఇంతవరకు మరొక తెలుగువాడు తారసపడలేదు. నా భార్య నర్సు ఉద్యోగం మీద ఇక్కడికి రాగా, డిపెండెంట్ వీసా మీద ఆమె వెంట వచ్చిన నేను, ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఒక చిన్న ట్రీ సర్జరీ సంస్థలో చేరాను. మాది ప్రకాశం జిల్లా. సుబాబుల్, జామాయిల్ తోటల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి చైన్‌సా (ఇంజనుతో నడిచే గొలుసు రంపం) చప్పుడు నాకు కొత్త కాదు. ఆ చప్పుడు మొదలు కావడానికి ముందు ఇక్కడ ఎంత తతంగం ఉంటుందో చూసి మాత్రం మొదట్లో విసుగు పుట్టింది.

ఉదయం వ్యాన్ దిగగానే ఎవరూ రంపం ముట్టుకోరు. ఫోర్‌మన్ ఒక కాగితం పట్టుకుని చెట్టు చుట్టూ తిరుగుతాడు, మేమూ ఆయన వెంట తిరుగుతాం. కొమ్మల్లో ఎండిపోయి వేలాడుతున్నవి ఏవి, కరెంటు తీగలు ఎంత దూరంలో ఉన్నాయి, జనం నడిచే దారి ఎటు పోతుంది, చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగులు మొలిచాయా, అంటే లోపల కుళ్లు ఉందా అన్నవన్నీ ఆ కాగితంలోకి ఎక్కుతాయి. అన్నిటికన్నా పైన రాసేది మేమున్న చోటును మ్యాప్ మీద చూపే గ్రిడ్ అంకెలు, అంబులెన్సు లోపలికి రాగల గేటు, అది రాలేకపోతే హెలికాప్టర్ దిగగల మైదానం. పొలాల మధ్య, లోయల్లో పనిచేసేటప్పుడు అత్యవసర నంబరు 999కు ఫోన్ చేసి ‘ఫలానా ఊరి దగ్గర’ అని చెబితే సరిపోదు, తొడ దగ్గర పెద్ద రక్తనాళం తెగినవాడికి మిగిలేది కొద్ది నిమిషాలే. అందుకే రంపం పట్టే ప్రతి మనిషి నడుముకూ పెద్ద గాయాలకు కట్టే బ్యాండేజీ ఉన్న చిన్న సంచీ ఉంటుంది, కనీసం ఇద్దరు లేకుండా ఏ పనీ మొదలుకాదు.

పని పరికరాల వాడకంపై 1998లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇక్కడ చెట్ల మీద చైన్‌సా వాడేవాళ్లకు శిక్షణ, దానికి తగిన ధ్రువపత్రం ఉండాలి. రంపం నిర్వహణకు ఒక పరీక్ష, 380 మిల్లీమీటర్ల మందం వరకు చెట్లు పడగొట్టడానికి మరొక పరీక్ష ఉంటాయి. పాతవాళ్లు వాటిని ఇప్పటికీ ‘ముప్పై’, ‘ముప్పై ఒకటి’ అనే పాత నంబర్లతోనే పిలుస్తారు. తాడు మీద చెట్టెక్కడానికి, పైన చిక్కుకున్నవాణ్ణి దించడానికి, అక్కడే రంపం వాడడానికి వేరే పరీక్షలు ఉన్నాయి. అవి పూర్తయ్యేదాకా నా పని కొమ్మలు లాగి, వాటిని ముక్కలు చేసే చిప్పర్ యంత్రంలో వేయడం, పొట్టు ఊడ్వడం.

రంపంతో నేర్పిన మొదటి సంగతి కోత కాదు, ఆపడం. రోజూ పొద్దున రంపాన్ని నేల మీద నొక్కిపట్టి, ఇంజను పూర్తి వేగంతో తిరుగుతుండగా ఎడమచేతి మణికట్టుతో ముందు గార్డును తోస్తే గొలుసు అక్కడికక్కడే ఆగిపోవాలి. ఆగకపోతే ఆ రంపం వ్యాన్‌లోకి పోతుంది. ఆ గార్డు చేతికి అడ్డు మాత్రమే కాదు, అదే బ్రేకు. గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి బార్ కొనలో పై పావు భాగం ఏ కొమ్మకో తగిలిందంటే రంపం ఒక్కసారిగా పైకి, వెనక్కి, మనిషి మొహం వైపు ఎగురుతుంది. దాన్ని కిక్‌బ్యాక్ అంటారు. మనిషి కన్ను చూసి చెయ్యి కదిలేలోపే అది అయిపోతుంది, కాబట్టి అప్పుడు కాపాడగలిగేవి ఆ బ్రేకు, ముందునుంచే అలవాటైన పట్టు మాత్రమే. ఎడమచేతి బొటనవేలు ముందు పిడి కింద నుంచి చుట్టుకుని ఉండాలి, తల గొలుసు తిరిగే గీతకు పక్కన ఉండాలి, రంపం భుజం ఎత్తు దాటకూడదు. నాది ఎడమచేతి వాటం. అయినా నాకు మినహాయింపు లేదు, ఎందుకంటే చైన్‌సాలన్నీ కుడిచెయ్యి వెనక, ఎడమచెయ్యి ముందు ఉండేలాగే తయారవుతాయి, చేతులు మార్చి పట్టుకుంటే మనిషి ఒళ్లు సరిగ్గా గొలుసు ఎదుటికి వస్తుంది.

ఒక చేత్తో రంపాన్ని గాల్లో వదులుతూ మరో చేత్తో తాడు లాగి స్టార్ట్ చేయడం మా జిల్లాలో పనితనానికి గుర్తు. ఇక్కడ అలా చేసినవాడు ఆ రోజు ఇంటికి పోతాడు. రంపాన్ని నేల మీద పెట్టి, వెనక పిడిలో కుడికాలి బూటు ముందుభాగం ఉంచి, బ్రేకు వేసి ఉండగానే లాగాలి. రెండడుగులు నడవాలన్నా మళ్లీ బ్రేకు వేయాలి. ఇవేవీ పైసా ఖర్చయ్యే పనులు కావు.

ఖర్చయ్యేది రంపం పనికి వేసుకునే రక్షణ ప్యాంటు. దాని లోపల పొరలు పొరలుగా పొడవాటి నార ఉంటుంది. గొలుసు తగలగానే ఆ నార బయటికి వచ్చి పళ్ల చక్రానికి చుట్టుకుని దాన్ని బిగిస్తుంది. ‘క్లాస్ 1’ రకం ప్యాంటును సెకనుకు 20 మీటర్ల గొలుసు వేగంతో పరీక్షిస్తారు. పెద్ద రంపాల గొలుసు అంతకన్నా వేగంగా పోగలదు కాబట్టి ఆ గుడ్డ హామీ ఇవ్వదు, కొంత అవకాశం మాత్రమే ఇస్తుంది. నేల మీద పనిచేసేవాళ్లకు కాళ్ల ముందువైపు రక్షణ సరిపోతుందిగానీ, చెట్టు మీద రంపం ఏ వైపు నుంచైనా తగలవచ్చు గనక ఎక్కేవాళ్లు చుట్టూ నార ఉన్నదే వేసుకుంటారు.

ఇక్కడ నన్ను నిజంగా భయపెట్టినవి యాష్ చెట్లు. యార్క్‌షైర్ డేల్స్ లోయల నిండా ఉన్న ఈ చెట్లకు ఒక శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు పట్టింది. బ్రిటన్‌లో దాన్ని 2012లో మొదటిసారి గుర్తించారు. తెగులు ముదిరిన యాష్ కర్ర పెళుసుగా తయారవుతుంది, ఏ కొమ్మ ఎప్పుడు విరుగుతుందో అనుభవజ్ఞుడికి కూడా అంతుపట్టదు. మామూలు చెట్టయితే పడాల్సిన వైపు మందంలో అయిదో వంతు నుంచి పావు వంతు దాకా ముందు గాటు తీసి, వెనక నుంచి కోసుకుంటూ వచ్చి, మధ్యలో పదో వంతు చెక్కను కోయకుండా వదిలేస్తాం. తలుపుకు బందు ఎలాగో చెట్టుకు ఆ చెక్క అలాగ, అదే చెట్టును అనుకున్న దిక్కుకు వంచుతుంది. పెళుసుబారిన యాష్‌లో ఆ చెక్క వంగకుండా పుటుక్కున తెగుతుంది. వెనక కోతలో చీల కొట్టి చెట్టును ఒరిగిద్దామంటే సుత్తి అదురుకు పైనున్న ఎండుకొమ్మలు నెత్తిన పడతాయి. అందుకని వాటిని ఎక్కరు. వీలైతే యంత్రంతో, లేకపోతే దూరం నుంచి తీగ చుట్టి లాగే వించితో లాగిస్తారు. ఆరోగ్యంగా ఉండి ఒకవైపు బాగా వాలిన యాష్‌తో వేరే ప్రమాదం ఉంది. వెనక నుంచి కోస్తుండగా మొదలు నిలువునా చీలి కోసేవాడి ఛాతీ ఎత్తున వెనక్కి తన్నగలదు. దానికి విరుగుడుగా బార్‌ను మధ్యలో గుచ్చి కోసి, వెనకవైపు ఒక చెక్క పట్టీని చివరిదాకా ఉంచి, తప్పుకునే దారి చూసుకున్నాకే దాన్ని తెంపుతారు.

గాలివానకు వేళ్లతో సహా ఒరిగిన చెట్లు ఇంకా మోసకారివి. మానును కోసి బరువు తగ్గించగానే మట్టితో కూడిన వేళ్ల దిమ్మ ఒక్కోసారి తిరిగి గుంతలోకి లేచి కూర్చుంటుంది. ఆ గుంతలో మనిషి గానీ కుక్క గానీ ఉన్నారేమో చూడకుండా మా ఫోర్‌మన్ ఆఖరి కోత కోయడు.

చెట్టు పడేటప్పుడు పని లేనివాళ్లందరూ చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఉండాలి. చెవులకు మఫ్‌లు ఉంటాయి గనక కేకలు వినపడవు, వినపడినా యార్క్‌షైర్ యాస నాకు సగమే అర్థమయ్యేది. అందుకే చేతి సైగలు ఉంటాయి, కోసేవాడు నా కళ్లలోకి చూసి నేను చెయ్యెత్తిన తర్వాతే వెనక గాటు మొదలుపెడతాడు. అరచెయ్యి చాచి చూపితే ఎంత సీనియర్ అయినా రంపం ఆపాల్సిందే. నాకు అన్నిటికన్నా కష్టమైన అలవాటు ఇదే. మేస్త్రీకి ఎదురు చెప్పని పద్ధతిలో పెరిగినవాడికి, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషిని పేరు పెట్టి పిలిచి, ‘ఆగు, దారిలో ఎవరో వస్తున్నారు’ అనడానికి నోరు రాదు. ఆయన మాత్రం ఆపి, చూసి, తల ఊపి మళ్లీ పనిలో పడతాడు. ఆ మాటను ఎవరూ గుర్తు పెట్టుకోరు.

ఆలస్యంగా తెలిసే హాని రంపం అదురు వల్ల వస్తుంది. చలికాలం వేళ్ల కొసలు తెల్లబడి తిమ్మిరెక్కితే దాచుకోకుండా చెప్పమంటారు, ఎందుకంటే ఆ నరాల జబ్బు ముదిరితే వెనక్కి పోదు. చట్టంలో దీనికీ పరిమితి ఉంది కాబట్టి రంపం గంటలు మేము పంచుకుంటాం.

మా బావమరిది ఒంగోలు దగ్గర సుబాబుల్ కోసే ముఠా నడుపుతాడు. ఇక్కడి ప్యాంటు ఫొటో పంపిస్తే, “బావా, మే నెల ఎండలో ఇది వేసుకుంటే రంపం దాకా ఎందుకు, వడదెబ్బే తీసుకుపోద్ది” అన్నాడు. అతను చెప్పింది నిజమే. ఈ గుడ్డ చలిదేశాల కోసం పుట్టింది. అక్కడికి పనికొస్తే మామూలు ప్యాంటు మీద కట్టుకునే, వెనకవైపు తెరిచి ఉండే చాప్స్ అనే కాలి తొడుగులు పనికిరావచ్చు. పైగా టన్నుకింత అని కూలి కట్టే చోట ఆగిన ప్రతి నిమిషమూ కూలివాడి జేబులోంచే పోతుంది, నాకైతే ఆగినా నడిచినా రోజు జీతం వస్తుంది. ఈ తేడాను పక్కనపెట్టి అతనికి నీతులు చెప్పడం నాకు న్యాయమనిపించలేదు. అందుకని ప్యాంటు సంగతి వదిలేసి, బ్రేకు పనిచేస్తోందా అని మాత్రం అడిగాను. కొమ్మల్లో అడ్డం పడుతోందని ముందు గార్డును ఎప్పుడో ఊడదీసి షెడ్డులో పడేశారట. వెతికించి బిగించమన్నాను, దొరక్కపోతే ఒంగోలులో విడిభాగాలు అమ్మేచోట వాకబు చేయమన్నాను, అది అమరేదాకా ఆ మిషన్‌తో నేల మీది కట్టె కూడా కోయించవద్దన్నాను. మర్నాడు వీడియో కాల్‌లో గార్డు బిగించి చూపించాడు. తోస్తే గొలుసు ఆగింది గానీ, వెంటనే కాదు. లోపలి బ్రేకు పట్టీ అరిగిపోయి ఉంటుంది, ఇప్పుడు దానికోసం తిరుగుతున్నాడు.