పాత జీపు కొనేముందు వెనక హౌసింగ్ లెక్కపెట్టండి

పోయిన వానాకాలం పాత సీజే-3బీ జీపు ఒకటి కొన్నాను. బేరం ఆడేటప్పుడు ఇంజన్ విన్నాను, ఛాసిస్ తుప్పు గోకి చూశాను, ఆర్సీ రెండుసార్లు చదివాను. వెనక హౌసింగ్ (వెనక ఇరుసు గేర్లు ఉండే డబ్బా) దగ్గర మాత్రం వంగి, ఆయిల్ కారట్లేదని చూసి లేచిపోయాను. "అంతా ఒరిజినలే సార్, నేను విప్పించలేదు" అన్నాడు అమ్మినాయన. ఆయన విప్పించి ఉండకపోవచ్చు, ఆయనకు ముందు ఎంతమంది చేతులు మారిందో ఎవరు చూశారు?

మారేడుమిల్లి అవతల మట్టి దారిలో మొదటిసారి ఫోర్‌వీల్ వేశాను. బురదలో బ్రహ్మాండంగా లాగింది. అదే ఊపులో లివర్ తీయకుండా తారు రోడ్డు ఎక్కేశాను, పట్టుమని వంద గజాలు పోలేదు, బండి మూలగడం మొదలుపెట్టింది. స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది, యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు ఉంది. ఆపి లివర్ లాగితే రాదు. బావా నేనూ ఇద్దరం పట్టి లాగినా రాలేదు. చివరికి రివర్స్‌లో నాలుగడుగులు వెనక్కి వస్తే లోపల టక్కుమని ఊడింది. ఆ చప్పుడుకి నా గుండె ఆగినంత పనైంది.

తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వేయకూడదు, అది నా తప్పే. కానీ తిన్నగా ఉన్న రోడ్డు మీద అంత తొందరగా బిగుసుకుందంటే వేరే జబ్బు ఉందన్నమాట. ఇంటికొచ్చాక మా మేస్త్రీ అడిగిన మొదటి ప్రశ్న: "మీటరు కరెక్టుగా చూపిస్తోందా అండీ?" లేదు. ఫోన్‌లో జీపీఎస్ 60 చూపిస్తుంటే బండి మీటరు 54 దగ్గర ఉండేది, పాత మీటరు కదా అని పట్టించుకోలేదు. ఈ జీపులో మీటరు కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకి పంచే గేరు పెట్టె) దగ్గర నుంచి వస్తుంది, అంటే అది ఇరుసు దాకా వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరగడాన్ని లెక్కపెడుతుంది కానీ చక్రాన్ని కాదు. టైరు సైజు మారకుండా మీటరు తక్కువ చూపిస్తోందంటే వెనక క్రౌన్-పినియన్ మారి ఉండొచ్చు. షాఫ్ట్ చివర ఉండే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్.

రేషియో, అంటే క్రౌన్ ఒక చుట్టుకి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుసుకోవడానికి ఏమీ విప్పక్కర్లేదు. ముందు చక్రాలకీ, నేల మీద ఉండబోయే వెనక చక్రానికీ అటూ ఇటూ రాళ్ళు గట్టిగా పెట్టండి. రెండో వెనక చక్రాన్ని జాకీతో లేపి, ఇరుసు కింద స్టాండు పెట్టండి. గేరు న్యూట్రల్, ఫోర్‌వీల్ తీసేసి ఉండాలి. హ్యాండ్ బ్రేకు వదిలేయాలి, ఎందుకంటే ఈ జీపుల్లో అది చక్రాల్ని కాదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్‌నే పట్టుకుంటుంది. అందుకే రాళ్ళ విషయంలో బద్ధకం వద్దు. టైరు మీద ఒక సుద్ద గీత, షాఫ్ట్ మీద ఒక సుద్ద గీత. లేపిన చక్రాన్ని ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు పక్కన పడుకుని షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒక చక్రం కదలకుండా ఉంటే రెండోది రెండు చుట్లు తిరిగితేనే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి చక్రం రెండు చుట్లకి షాఫ్ట్ ఎన్ని తిరిగితే అదీ రేషియో. రెండు చక్రాలూ లేపేసి ఒకదాన్నే తిప్పితే రెండోది ఎదురు తిరుగుతుంది, షాఫ్ట్ కదలకుండా నిలబడిపోవచ్చు, ఆ లెక్క దేనికీ పనికిరాదు. రెండు చుట్లతో సరిపెట్టకుండా 20 చుట్లు తిప్పండి. రేషియో 5.38 అయితే షాఫ్ట్ 53 ముప్పావు తిరుగుతుంది, 4.88 అయితే 48 ముప్పావు. అయిదు చుట్ల తేడా, పొరబడే అవకాశమే లేదు. మొదలుపెట్టే ముందు చక్రాన్ని ఒకే దిక్కుకి కాస్త తిప్పి పళ్ళ మధ్య ప్లే (వదులు) తీసేయాలి, అంతే.

నేను పక్కన పడుకుని లెక్కపెట్టాను. 48 దాటి ఇంకో ముప్పావు. నమ్మబుద్ధి కాక మళ్ళీ తిప్పించాను, అంతే వచ్చింది. ముందు ఇరుసుకీ అదే పద్ధతిలో చూస్తే 53 ముప్పావు.

సీజే-3బీకి రావాల్సింది 5.38, అంటే క్రౌన్‌కి 43 పళ్ళు, పినియన్‌కి 8. రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలిటరీ జీపులకి ఉండేది 4.88, అంటే 39కి 8. నా బండికి ముందు ఒకటి, వెనక ఇంకొకటి! ఫోర్‌వీల్ వేస్తే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి, వెనక చక్రం 22 మీటర్లు పోదామంటే ముందు చక్రం 20 మీటర్లే పోతానంటుంది. బురదలో టైరు జారి ఆ తేడా కలిసిపోతుంది. తారు మీద జారదు, భారం అంతా జాయింట్ల మీదా గేర్ల మీదా పడుతుంది. ఏదో ఒకటి విరిగిపోకుండా ఇంటికి రావడం మా అదృష్టం.

అనుమానం తీరక వెనక మూత కూడా విప్పాం. రేషియో రాసి ఉండే రేకు బిళ్ళ మూత బోల్టు కింద ఉండాలి, మూత ఎప్పుడో విప్పినవాళ్ళు పారేసినట్టున్నారు. బిళ్ళ ఉన్నా నేను నమ్మేవాణ్ణి కాదు, అది లోపల ఏ పళ్ళున్నాయో చెప్పదు, ఒకప్పుడు ఏమున్నాయో చెబుతుంది. నల్లబడ్డ ఆయిల్ గుడ్డతో తుడిచాక క్రౌన్ అంచున చిన్న అక్షరాల్లో 39, పక్కన 8 కనిపించాయి.

అమెరికాలో పాత పికప్ కొనే మనవాళ్ళకి ఈ పని కొంత తేలిక. ఫోర్డ్ అయితే డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద యాక్సిల్ కోడ్ ఉంటుంది, చాలా ఏళ్ళ షెవర్లే ట్రక్కుల్లో గ్లవ్ బాక్స్ స్టిక్కర్ మీద జీయూ6 అంటే 3.42, జీటీ4 అంటే 3.73. కానీ అది కూడా ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి సంగతే, మధ్యలో ఎవరైనా మార్చి ఉంటే స్టిక్కర్‌కి తెలియదు.

క్రౌన్-పినియన్ మారిస్తే జతగానే మార్చాలి, షిమ్ములు (సన్నటి రేకులు) వేసి సెట్ చేయాలి, అది చేయి తిరిగిన మనిషి పని. మేస్త్రీ పూర్తి హౌసింగే మార్చేద్దామన్నాడు. పాత సామాన్ల షెడ్డులో "ఇది సీజేదే" అని ఒకటి చూపించారు. డబ్బు ఇవ్వకముందే అక్కడే నేల మీద పెట్టి, ఒక వైపు బ్రేకు డ్రమ్ము బావ గట్టిగా పట్టుకుంటే, రెండో వైపుది నేను 20 చుట్లు తిప్పాను, షాఫ్ట్ బిగించే ఫ్లాంజ్ చుట్లు మేస్త్రీ లెక్కపెట్టాడు. 48 ముప్పావు. రెండో హౌసింగూ అంతే. మూడోది 53 ముప్పావు వచ్చింది, దాన్నే బండిలో వేయించుకున్నాను.