మగపిల్లలకి రుబెల్లా టీకా దేనికి?

2017 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణ రెండు చోట్లా బళ్లలో తట్టు-రుబెల్లా టీకాలు వేసినప్పుడు మా ఎదురింటాయన అడిగిన ప్రశ్న ఇది. తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ వేస్తామన్నారు, ఆయనకేమో ఇద్దరూ మగపిల్లలే. "కడుపుతో ఉన్నవాళ్లకి ప్రమాదమంటున్నారు, మావాళ్లకెందుకండీ సూది?" అన్నాడు. వాట్సాప్‌లో ఏవో వీడియోలు చూసి అప్పటికే సగం బెదిరిపోయి ఉన్నాడు కూడా.

నిజానికి అడగాల్సిన ప్రశ్నే. రుబెల్లా పిల్లలకొస్తే కాస్త జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది, చాలామందికి వచ్చి పోయిన సంగతే తెలీదు. అదే గర్భిణికి మొదటి నెలల్లో సోకిందా, పుట్టే బిడ్డకి చెవుడు, కళ్లలో శుక్లాలు, గుండె జబ్బు, ఒక్కోసారి గర్భమే నిలవదు. పైగా కడుపుతో ఉండగా ఈ టీకా వెయ్యరు. ముందే వేయించుకోకపోతే ఇక ఆమెకి అడ్డు నిలవాల్సింది చుట్టూ తిరిగే పిల్లలే, బడి నుంచి జబ్బు మోసుకొచ్చేది వాళ్లే కాబట్టి.

మా ఏఎన్ఎం గారు, అంటే ఇంటింటికీ తిరిగి టీకాల సంగతి చూసుకునే నర్సమ్మ, ఇదంతా చెప్పలేదు. రిజిస్టర్ చంకలో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "బాబూ, మీ తమ్ముడి భార్యకి ఇప్పుడెన్నో నెల?" అంది. "మూడో నెలండీ" అన్నాడు, ఒక్క క్షణం ఆగి లోపలికెళ్లి పెన్ను తెచ్చుకున్నాడు. అంతే, సంతకం అయిపోయింది.

'సమాజం కోసం టీకా' అని గోడల మీద ఎన్ని రాసినా జనానికి పట్టదని నాకు అప్పుడే అర్థమైంది. సమాజానికి ముఖం లేదు, మరదలికి ఉంది. కోవిడ్ అప్పుడూ అంతే, "నాకింకెన్నాళ్లులే" అని మొండికేసిన ముసలాళ్లు ఇంట్లో పసిబిడ్డ ఉందనేసరికి ఆటో ఎక్కారు.

అలాగని వేయించుకోనివాళ్లందరికీ పక్కవాళ్ల మీద ప్రేమ లేదంటే నేను ఒప్పుకోను. సూది వేసిన మర్నాడు పిల్లాడికి జ్వరమొస్తే ఆ తల్లికి కూలి పోతుంది, ఆ లెక్క ఎవరూ అడగరు. మా వీధి చివర ఒకావిడ వెనకాడింది అందుకే, ఆదివారం ముందు రోజు వేస్తామంటే వెంటనే సరేనంది.

ఇప్పుడైతే తొమ్మిది నెలలు నిండాక ఒకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఇంకొకటి మామూలు టీకాల్లోనే వేస్తున్నారు. కొత్తగా పెళ్లయిన అమ్మాయిలుంటే మాత్రం డాక్టర్‌ని ముందే అడగండి, టీకా వేశాక కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి.