వాడపల్లిలో ఏడో శనివారం

డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో మా అబ్బాయి ఆఫీసరై బయటికొచ్చే పాసింగ్ అవుట్ పరేడ్ జరిగిందీ శనివారమే. పరేడ్ అయ్యాక తల్లిదండ్రుల చేతే భుజాల మీద నక్షత్రాలు పెట్టిస్తారు. ఒక భుజం వాళ్ళమ్మది, ఒకటి నాది. ఫౌజులో 28 ఏళ్ళు పనిచేసి సుబేదారుగా దిగినవాణ్ణి, వెంటనే ఒకడుగు వెనక్కి వేసి మా అబ్బాయికి సెల్యూట్ చేశాను. మొక్కు నాలుగేళ్ళ నాటిది. ఖడక్‌వాస్లా ఎన్డీయే అకాడమీలో మూడేళ్ళు, డెహ్రాడూన్‌లో ఏడాది నిలబడి ఆఫీసరై బయటికొస్తే, ఏడు శనివారాలు వాడపల్లి వెంకన్నకి ప్రదక్షిణలు చేస్తామని.

మూడు శనివారాలు వాడూ నాతో తిరిగాడు. నాలుగోదానికి పల్టన్‌లో, అంటే తన యూనిట్‌లో ఉన్నాడు. ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 20 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి నిజమే. కానీ కొత్త లెఫ్టినెంటుకి యంగ్ ఆఫీసర్స్ కోర్సూ, యూనిట్ పనులూ పోను యూనిట్ పెద్ద సీవోగారు ఇచ్చినప్పుడే సెలవు. పెళ్ళి సంబంధాలు తెచ్చేవాళ్ళకి నేను చెప్పేదీ ఇదే. కెప్టెన్ కావడానికి రెండేళ్ళు, అందాకా ఆగండి. ఇప్పుడు వాడు బ్యారక్‌లో జవాన్లతోనే పడుకుంటున్నాడు, వాళ్ళ వంటశాల లంగర్‌లోనే తింటున్నాడు. వాళ్ళు సిక్కులు కనక, యూనిట్ అంతా కలిసి ప్రార్థనకి కూర్చునే మందిర్ పరేడ్ రోజున వీడూ తల కప్పుకుని గురుద్వారాలో కూర్చుంటాడు. జవాన్ల దేవుడే ఆఫీసరు దేవుడు, మా ఫౌజులో అంతే. మిగిలిన నాలుగు వారాలూ అలా నా వంతయ్యాయి.

ఏడోవారం తెల్లవారుజామున మూడింటికే తాడేపల్లిగూడెంలో బయల్దేరి, సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం మీదుగా వెళ్ళాను. ముసురు. తడిసిన రాళ్ళ మీద పాదం ఆనడం లేదు. జనమా, చెప్పక్కర్లేదు! గోవింద నామం నోట్లో ఉండగానే మోచేతులతో పొడుస్తారు. చంటిపిల్లల తల్లులకైనా దారి ఇవ్వరు. లెక్క తప్పకుండా ఏడు చింతగింజలు కుడిజేబులో వేసుకుని, చుట్టు పూర్తయినప్పుడల్లా ఒకటి ఎడమజేబులోకి మార్చడం నా పద్ధతి.

రెండో చుట్టులో మోకాలు పట్టేసి ఆగిపోయాను. వెనకనుంచి తోసేస్తున్నారు. ఒక కుర్రాడు చెయ్యి పట్టుకున్నాడు.

"మీరు గోడవైపుకి రండి బాబాయ్, ఇటు నేనుంటాను."

మిగతా చుట్లన్నీ ఆ తోపుళ్ళు తన భుజాన కాసుకుంటూ నా అడుగుకి అడుగు కలిపి నడిచాడు. మాటల్లో తెలిసింది, ఫౌజు ఆఫీసర్లని ఎంపిక చేసే ఎస్సెస్‌బీకి వెళ్ళి మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే వెనక్కొచ్చాడట. బొమ్మ 30 సెకన్లు చూపించి, కథకి 4 నిమిషాలిస్తారు. ఇతను కోచింగ్‌లో బట్టీపట్టిన కథని ఆ బొమ్మకి అంటించాడు, తర్వాత గుంపు చర్చలో అందరికంటే గట్టిగా అరిచాడు. కనబడిందే రాయి, రెండే రెండు మాటలు వినబడేలా చెప్పు, పక్కవాడు చెప్పేది విను అన్నాను. రెండో రోజు సంగతీ చెప్పాను. 60 మాటలు, ఒక్కోదాని మీద వాక్యం రాయడానికి 15 సెకన్లు. కథలు రాయాల్సిన 12 బొమ్మల్లో ఆఖరిది ఖాళీ కాగితం. 60 పరిస్థితుల్లో ఏం చేస్తావో రాయడానికి అరగంట. ఆలోచించి నటించే వ్యవధి ఉండదు, ఉన్న మనిషే బయటపడతాడు. మెడికల్‌కి ముందు చెవుల్లో గులిమి తీయించుకో, బరువు చూసుకో. ఇంత చిన్నవాటికే ఆపేస్తారు, అప్పీలు బోర్డుకి గడువు 42 రోజులే.

"ఇవన్నీ ఎవరూ చెప్పలేదు బాబాయ్" అన్నాడు.

గర్భగుడి ముందు నిలబడనిచ్చింది రెండు క్షణాలు. పూలదండల మధ్య ఆ చందనపు స్వామి ముఖం, దీపం వెలుగు ఊగితే నామం మెరిసింది. మావాడి పేరూ, గోత్రమూ అనుకున్నవన్నీ నోట్లోనే ఉండిపోయాయి. కళ్ళు నిండిపోయి ఆ రెండో క్షణం సరిగ్గా చూడనేలేదు. అప్పటికే ముందుకి జరిపేశారు.

బయటికొచ్చాక అడిగితే తనకిది మూడో శనివారమేనన్నాడు. ఎడమజేబులోంచి గింజలన్నీ తీసి అతని దోసిట్లో పోశాను.