కోఠిలో రూమ్, కొత్తగూడలో కాన్ఫరెన్స్

శుక్రవారం, రాత్రి పదకొండున్నర. కాళ్ళు లాగేస్తున్నాయి గానీ రాసేసి పడుకుందాం అనిపించింది, ఎందుకంటే ఇవాళ లీవు పెట్టింది నేను, రోజంతా వాడేసుకుంది మా పిన్ని కొడుకు చిన్నోడు.

వాడు రాజమండ్రిలో లెక్చరర్. హైదరాబాద్ కొత్తగూడలో ఉన్న హెచ్ఐసీసీ అనే పెద్ద కన్వెన్షన్ సెంటర్‌లో రెండ్రోజుల కాన్ఫరెన్స్, అక్కడ బోర్డు మీద పెట్టడానికి వాడి రీసెర్చ్ పోస్టర్ సెలెక్ట్ అయింది. పది రోజుల కిందట ఫోన్ చేసి "అక్కా, రూమ్ కోఠిలో బుక్ చేసేశా, భలే చవగ్గా దొరికింది" అన్నాడు. ఒరేయ్ అని నెత్తి కొట్టుకున్నా. కోఠి ఎక్కడ, కొత్తగూడ ఎక్కడ. అటూ ఇటూగా 20 కిలోమీటర్లు, పొద్దున ఆఫీసుల టైంలో కారులో బయల్దేరితే గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. క్యాన్సిల్ చేస్తే డబ్బులు రావుట. వాడి తప్పేం కాదులే, చిన్నప్పుడు మా బాబాయ్ ఎప్పుడు హైదరాబాద్ తీసుకొచ్చినా కోఠిలోనే దిగేవారు, వాడి బుర్రలో హైదరాబాద్ అంటే సికింద్రాబాద్ స్టేషన్, కోఠి, ఆబిడ్స్, చార్మినార్, అంతే. కొండాపూర్, మాదాపూర్ ఆ మ్యాప్‌లో లేవు. నేనూ 2011లో వచ్చినప్పుడు ఉద్యోగం గచ్చిబౌలిలో పెట్టుకుని హాస్టల్ దిల్‌సుఖ్‌నగర్‌లో తీసుకున్నదాన్నే, కాబట్టి ఎక్కువ మాట్లాడలేను.

సరే, రెండు రాత్రులు మా ఇంట్లో ఉండు, ఆ రూమ్ సంగతి తర్వాత చూద్దాం అన్నా. ఇంకో మాట కూడా చెప్పా, గౌతమి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్‌తో ఆగిపోదు, లింగంపల్లి దాకా వస్తుంది, అలవాటు కొద్దీ అందరితోపాటు దిగిపోకు, ఇంకాసేపు పడుకో అని. మనవాళ్ళు నూటికి తొంభై మంది సికింద్రాబాద్ రాగానే సామాన్లు పట్టుకుని డోర్ దగ్గర నిలబడిపోతారు, తర్వాత అక్కడ్నించి హైటెక్ సిటీకి క్యాబ్ వాడికి బోల్డంత ఇచ్చుకుంటారు. లింగంపల్లిలో దిగితే తెల్లారగట్ల రోడ్డు ఖాళీ, ఆటోలో అరగంటలో మా ఇంటికి వచ్చేశాడు, చేతిలో సూట్‌కేస్, భుజాన బజూకాలాగా ఒక పొడుగు గొట్టం.

గొట్టంలో పోస్టర్. టీ తాగుతూ "చూపించరా" అంటే హాల్లో పరిచాడు. ఊళ్ళో ఫ్లెక్సీ కొట్టులో వేయించాడు, తళతళా మెరిసిపోతోంది, పక్కన ఎమ్మెల్యే గారి ఫోటో ఒక్కటే తక్కువ, వాసన కూడా సరిగ్గా అదే. మా ఆయన చూసి "బావుంది బావగారూ, జన్మదిన శుభాకాంక్షలు ఎక్కడ రాశారు" అన్నారు. పోనీ అది కాదు అసలు సమస్య. అప్పుడు తీరిగ్గా మెయిల్ తెరిచి చదివాడు, పోస్టర్ నిలువుగా ఉండాలిట. వీడిది అడ్డం. ఉదయం ఏడున్నర. పదకొండు గంటలకల్లా బోర్డు మీద పెట్టెయ్యాలి.

ఇంక చూడాలి మా ఇల్లు. పదో తరగతి చదివే మా అమ్మాయి స్కూల్ బస్ వచ్చేలోపు ఇరవై నిమిషాల్లో ఆ స్లైడ్ మొత్తం నిలువుగా మార్చేసింది, అది చేస్తున్నంతసేపూ లెక్చరర్ గారు వెనక నిలబడి "అమ్మా, ఆ గ్రాఫ్ కొంచెం కిందకి" అని బతిమాలుకోవడం. ప్రింట్ షాపు తొమ్మిదికి గానీ తియ్యలేదు, మేము ఎనిమిదిన్నరకే షట్టర్ ముందు నిలబడ్డాం. మామూలు మందం కాగితం మీద వేయించాం, తొమ్మిదీ నలభైకి చేతికొచ్చింది. అందుకే ఎవరైనా అడిగితే ఒకటే చెప్తా, ఊళ్ళో ప్రింట్ వేయించి రైల్లో మొయ్యకండి, పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి పెట్టుకుని ఒక పూట ముందు రండి, కొండాపూర్, మాదాపూర్, అమీర్‌పేట ఎక్కడైనా వేస్తారు.

మా ఇంటి నుంచి హెచ్ఐసీసీ మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. స్కూటీ మీద దింపేశా. దింపుతూ స్వెట్టర్ ఉందా అంటే "జూలైలో స్వెట్టర్ ఏంటక్కా" అని నవ్వాడు. మధ్యాహ్నం మెసేజ్, లోపల ఏసీకి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయిట, భోజనాల దగ్గర నిలబడితే కొంచెం వెచ్చగా ఉందిట. ఎండాకాలం వచ్చినా సరే, ఆ హాళ్ళకి ఒక శాలువా పడెయ్యాల్సిందే బ్యాగులో.

ఒంటిగంటన్నరకి ఇంకో ఫోను. పక్క స్టాల్ వాళ్ళు నలుగురు సెషన్ ఎగ్గొట్టి సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్దాం అంటున్నారు, ఎలా వెళ్ళాలి అని. బాబూ, ఇవాళ శుక్రవారం, అది మూసి ఉంటుంది, చౌమహల్లా ప్యాలెస్ కూడా శుక్రవారం సెలవే, పైగా మధ్యాహ్నం నమాజు టైం, మక్కా మసీదు చుట్టుపక్కల నడవడానికే ఖాళీ ఉండదు అని చెప్పా. ఎంతమంది దీనికి బలైపోతారో, శుక్రవారంతో మొదలయ్యే కాన్ఫరెన్సులే ఎక్కువ కదా. సాయంత్రం అయితే శిల్పారామం పక్కనే ఉంది వెళ్ళిరండి అన్నా. చివరికి ఎక్కడికీ వెళ్ళకుండా వెనక వరసలో కూర్చుని కునుకు తీశార్ట, వాడే చెప్పాడు సిగ్గులేకుండా.

మధ్యలో వాళ్ళ కాలేజీ హెచ్ఓడీ, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్ గారి కథ ఒకటి. ఆయన ఫ్లైట్‌లో వచ్చారు, హోటల్ మాత్రం బేగంపేటలో తీసుకున్నారు, ఎందుకూ అంటే ఎయిర్‌పోర్ట్ దగ్గర కదా అని. ఎయిర్‌పోర్ట్ 2008లోనే శంషాబాద్‌కి వెళ్ళిపోయింది సార్ అని ఎవరూ చెప్పినట్టు లేదు! శంషాబాద్‌లో దిగి ఒక్క ముక్క అర్థం కాక నిలబడితే ఎవరో పుష్పక్ బస్సు చూపించారుట. నవ్వుకున్నాం గానీ ఆలోచిస్తే ఆయనదే బెటర్, బేగంపేటలో మెట్రో ఎక్కితే బ్లూ లైన్, ఎక్కడా మారక్కర్లేదు, తిన్నగా హైటెక్ సిటీలో దిగి అక్కడ్నించి ఒక ఆటో. అదే కోఠి నుంచి అయితే ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో రెడ్ లైన్ ఎక్కి, అమీర్‌పేటలో దిగి, ఆ జనంలో పైకీ కిందకీ తిరిగి బ్లూ లైన్ పట్టుకోవాలి, అయినా రోడ్డు మీద వెళ్ళడం కన్నా అదే నయం. నన్నడిగితే రూమ్ కాన్ఫరెన్స్ పక్కనే దొరక్కపోతే బ్లూ లైన్ మీద ఎక్కడైనా తీసుకోండి, స్టేషన్ నుంచి నడిచేంత దూరంలో. హోటల్ వెబ్‌సైట్‌లో సిటీ సెంటర్‌కి ఇన్ని కిలోమీటర్లు అని రాస్తాడే, అది అస్సలు చూడొద్దు, ఈ ఊరికి సెంటర్ ఏదో ఇక్కడుండే మాకే తెలీదు.

ఇంక సాయంత్రం. ఐదుంపావుకి మబ్బు పట్టింది, ఐదున్నరకి వాన, ఐదున్నరకే సెషన్ అయిపోయింది. నేను ముందే మెసేజ్ పెట్టా, బయటికి రాకు, లోపలే టీ తాగుతూ కూర్చో, ఏడున్నర దాటాక కాస్త పల్చబడుతుంది అని. వినడుగా. గేటు దగ్గర జనం అందరితో పాటు నిలబడి క్యాబ్ బుక్ చేస్తున్నాడు, రేటు డబుల్ చూపిస్తోంది, ఒప్పుకున్న డ్రైవర్ పది నిమిషాలు అక్కడక్కడే తిరిగి క్యాన్సిల్ చేసేశాడు. ఆటో ఆపితే "కొండాపూర్ సైడ్ రాను అన్నా, ఫుల్ ట్రాఫిక్ ఉంది ఆడ" అని వెళ్ళిపోయాడుట. ఈ ప్రాంతంలో వాన పడ్డ శుక్రవారం సాయంత్రం ఎలా ఉంటుందో చూడని వాళ్ళకి చెప్పినా అర్థం కాదు, ఆఫీసులన్నీ ఒకేసారి రోడ్డెక్కుతాయి, ఫ్లైఓవర్ మీద లైట్లు మాత్రం కదలకుండా అలా వెలుగుతూ ఉంటాయి. చివరికి నడిచొచ్చేశాడు. తలుపు తీస్తే నిలువునా తడిసి ముద్దయి ఉన్నాడు, పోస్టర్‌ని మాత్రం ప్లాస్టిక్ కవర్లో చుట్టి చంటిపిల్లాడిలా గుండెకి హత్తుకున్నాడు. కవర్ కాదు, చూస్తే అది పొద్దుటి ఫ్లెక్సీ! గొట్టంలోనే ఉండిపోయిందిట, అలా పనికొచ్చింది.

మిరియాల చారు పెట్టా, రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. పోస్టర్ బానే అయిందిట, ఇద్దరు ప్రశ్నలు అడిగారు, ఒకాయన ఫోటో తీసుకున్నారు. తింటూ మెల్లిగా అన్నాడు, "అక్కా, రేపు కాన్ఫరెన్స్ అయిపోయాక రాత్రికి ఆ కోఠి రూమ్‌కి వెళ్ళిపోనా, ఎలాగూ డబ్బులు కట్టేశా, ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పెడతారు కదా, నాన్నతో వచ్చినప్పుడల్లా వెళ్ళేవాళ్ళం". బాబాయ్ పోయి మూడేళ్ళు. నేనేం అనలేదు. హైటెక్ సిటీలో ఎక్కి అమీర్‌పేటలో మారమని కాగితం మీద రాసిచ్చా, ఆదివారం రాత్రి బండికి మళ్ళీ లింగంపల్లి రాకు, సికింద్రాబాద్‌లోనే ఎక్కెయ్ అని కూడా రాశా.

నా గొడుగు వాడి బ్యాగులో పెట్టేశా. కొత్తది, రాజమండ్రి వెళ్ళిపోతుంది.