పెర్సిసునకు వందనములు

బైబిల్లో అపొస్తలుడైన పౌలు రోమా విశ్వాసులకు రాసిన పత్రిక 16వ అధ్యాయాన్ని చాలామందిమి గబగబా చదివేస్తాం. నోరు తిరగని పేర్లు, ప్రతి పేరు పక్కనా వందనములు. నేనూ ఏళ్ల తరబడి అలాగే దాటేశాను. మా సంఘంలో సండే స్కూల్ బాధ్యత తీసుకుని, అందులో ఒక తప్పు చేశాకే ఆ అధ్యాయం దగ్గర ఆగాను.

ఆ డిసెంబరులో సండే స్కూల్ వార్షికోత్సవం. అతిథులకు శాలువాలు కప్పాం, పిల్లలకు బహుమతులిచ్చాం. టీచర్లు మాత్రం సాయంత్రమంతా దేవదూతల రెక్కలు కడుతూ, కుర్చీలు సర్దుతూ, భోజనం పొట్లాలు పంచుతూనే ఉన్నారు. చివర్లో మైకు నా చేతికొస్తే "సహకరించిన టీచర్లందరికీ వందనాలు" అని ఒక్క ముక్కలో ముగించాను.

కొత్త సంవత్సరం వచ్చాక చిన్నపిల్లల క్లాసు టీచరక్క రావడం మానేసింది. తొమ్మిదేళ్లు నేర్పింది. ఇంటి దగ్గర మిషను కుడుతుంది. మిగిలిన గుడ్డముక్కలతో నోవహు ఓడకు ఏనుగులూ పావురాలూ కుట్టుకొచ్చేది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. నేను కూడా ఆమె ఎందుకు మానేసిందో అడగలేదు. ఆ క్లాసుకు ఇంకెవరు దొరుకుతారా అని వెతికాను.

పౌలు ఈ పత్రిక రాసేనాటికి రోమా పట్టణాన్ని చూడనే లేదు. అయినా అక్కడున్న ఇరవైమందికి పైగా విశ్వాసులను పేరుపెట్టి పలకరిస్తాడు. అందరికీ కలిపి ఒకే వందనంతో సరిపెట్టడు. ప్రిస్కిల్ల, అకుల తన ప్రాణం కోసం తమ ప్రాణాలకు తెగించారని చెబుతాడు. రూఫు తల్లిని "నాకును తల్లి" అంటాడు. మరియ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు అనే నలుగురు స్త్రీల గురించి మాత్రం ఒకే మాట వాడతాడు: ప్రయాసపడటం. గ్రీకులో ఆ మాటకు ఒళ్లు అలిసేదాకా పనిచేయడమని అర్థం. మే నెల ఎండలో పది రోజులు వి.బి.ఎస్. (పిల్లలకు సెలవుల బైబిలు బడి) నడిపి, గొంతు పోయి, గోరువెచ్చని నీళ్లు తాగుతూ మళ్లీ యాక్షన్ సాంగ్ అందుకునే మన చెల్లెళ్లను చూసినవాళ్లకు ఆ మాట వేరే వివరించనక్కర్లేదు.

12వ వచనంలో నన్ను పట్టుకున్నది ఇంకొకటి ఉంది. త్రుఫైనా, త్రుఫోసా "ప్రయాసపడు" వారు. ఇప్పుడూ పడుతున్నారు. పెర్సిసు "ప్రయాసపడెను". ఆమె పని జరిగిపోయింది. వయసు మీదపడిందో, జబ్బుచేసిందో పౌలు చెప్పలేదు. కానీ ఈ ముగ్గురిలో "ప్రియమగు" అన్న మాట ఆమెకే పెట్టాడు. పని ఆగినా ప్రేమ ఆగలేదు.

"మనుషుల మెప్పు మనకెందుకు, ప్రతిఫలం పైనుంది కదా" అనే మాట మన సంఘాల్లో తరచూ వింటాం. సేవ చేసేవాళ్లు తమకు తాము చెప్పుకుంటే అది భక్తి. చేయించుకునేవాళ్లం చెబితే బాకీ ఎగ్గొట్టడమే. మన ప్రేమను "మరచుటకు, దేవుడు అన్యాయస్థుడు కాడు" అని హెబ్రీ పత్రిక 6:10 అంటోంది. అది ఆయన నమ్మకత్వం. మన మరుపుకు సాకు కాదు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూల్ మొదలుపెట్టినప్పుడు టీచర్లకు ఆదివారానికి ఒక షిల్లింగు ముట్టేది. మన టీచర్లకు ఆ షిల్లింగూ లేదు.

ఇప్పుడు పాఠం శనివారం రాత్రి కాకుండా బుధవారానికే అందిస్తున్నాం. క్లాసుకు ఇద్దరిని పెట్టాం, వంతులవారీగా ఒకరైనా ఆరాధనలో కూర్చుంటారు. అదివరకు నెలల తరబడి వాక్యం వినని టీచర్లున్నారని నాకు తెలియనే తెలియదు. ఆదివారం ఇంటికి బయల్దేరే ముందు ఎవరో ఒకరి దగ్గరికెళ్లి ఆ రోజు ఏం చూశానో అదే చెబుతాను: "ఏడుస్తున్న ఆ బాబును ఒళ్లో పెట్టుకునే పాఠమంతా చెప్పావమ్మా, చూశాను."

అక్క ఇంటికీ వెళ్లాను. ఆలస్యమైంది, క్షమించమన్నాను. మిషను ఆపి, కుర్చీ వేసి, నా క్షమాపణ సంగతి ఎత్తకుండా, "మాట తడబడే ఆ చిన్నోడు ఇప్పుడు వాక్యం చెబుతున్నాడా అన్నా?" అని అడిగింది. 23వ కీర్తన మొత్తం చెప్పాడన్నాను. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అత్తగారు మంచాన పడ్డారు, ఆమె తిరిగి రాలేకపోయింది. తర్వాతి వార్షికోత్సవంలో టీచర్ల పేర్లు ఒక్కొక్కటీ, చేసిన పనితో సహా చదివాం. ఆమె పేరు దగ్గర పెర్సిసు వచనమే చదివాను. గుడ్డ ఏనుగులు పట్టుకున్న పిల్లలు వెనక్కి తిరిగి ఆమె కోసం వెతికారు.