వైరస్ - సెల్ డెత్ టాపిక్‌లో నేను ఎక్కడ బోల్తా పడ్డానంటే

ఫ్రెండ్స్, లైఫ్ సైన్సెస్ ఎగ్జామ్ రాసేవాళ్లలో చాలామంది అపోప్టోసిస్ (సెల్ తనంతట తానే ప్లాన్ ప్రకారం చచ్చిపోవడం) వరకు బానే చదివి వైరస్‌లు రాగానే ఒక టేబుల్ వేసుకుని బట్టీ కొట్టేస్తారు, ఎడమ పక్క వైరస్, కుడి పక్క సెల్ చావుని ఆపడానికి అది వాడే ప్రోటీన్. నేనూ అదే చేశా. ఫస్ట్ అటెంప్ట్‌లో క్వశ్చన్ ఏంటంటే, క్రమ్-ఏ అనే వైరస్ ప్రోటీన్ ఉన్న సెల్స్‌కి ఒక ప్లేట్‌లో ఫాస్ లైగాండ్ (డెత్ రిసెప్టర్‌కి అంటుకుని చావమని సిగ్నల్ ఇచ్చేది) వేశారు, ఇంకోదానికి యూవీ కొట్టారు, ఏవి బతుకుతాయి అని. క్రమ్-ఏ కౌపాక్స్ వైరస్‌ది అని నిద్రలో లేపి అడిగినా చెప్తా, ఆన్సర్ మాత్రం తెలీలేదు!

తర్వాత టేబుల్ పక్కన పడేసి పెద్ద పేపర్ మీద పాత్‌వే గీసుకున్నా. పైన డెత్ రిసెప్టర్ నుంచి కాస్పేస్-8 (కాస్పేస్‌లంటే ప్రోటీన్లని కోసి సెల్‌ని చంపే ఎంజైమ్‌లు), పక్కన మైటోకాండ్రియా నుంచి బాక్స్, బాక్ (దానికి చిల్లులు పెట్టే ప్రోటీన్లు), ఆ చిల్లుల్లోంచి బయటికొచ్చే సైటోక్రోమ్ సి, కాస్పేస్-9, రెండూ కలిసేది కాస్పేస్-3 దగ్గర. ఇప్పుడు ఏ వైరస్ ఎక్కడ అడ్డం పడుతుందో అక్కడ రాస్తూ పోవడమే. క్రమ్-ఏ గట్టిగా ఆపేది కాస్పేస్-8ని, అంటే ఫాస్ ప్లేట్ బతుకుతుంది, యూవీ డ్యామేజ్ మైటోకాండ్రియా రూట్‌లో వస్తుంది కాబట్టి ఆ ప్లేట్ పోతుంది. అంతే, ఇంత సింపుల్ దానికి మార్కులు పోగొట్టుకున్నా.

అడినోవైరస్‌ని మాత్రం తీరిగ్గా చదవండి, నా లెక్కలో టాపిక్ మొత్తం అందులోనే ఉంది. వైరస్‌కి తన డీఎన్ఏ కాపీ అవ్వాలి, అందుకని దాని ప్రోటీన్ ఈ1ఏ వెళ్లి ఆర్‌బీని (సెల్ విభజనకి బ్రేక్ వేసే ప్రోటీన్) పట్టుకుని సెల్‌ని ఎస్ ఫేజ్‌లోకి (డీఎన్ఏ కాపీ అయ్యే దశ) తోస్తుంది, ఇలా బలవంతంగా తోసేసరికి పీ53 (తేడా వస్తే సెల్‌ని చంపించే కాపలా ప్రోటీన్) లేచి కూర్చుంటుంది, ఇక సెల్ చచ్చిపోతే కాపీలు సగంలోనే ఆగిపోతాయి కాబట్టి ఈ1బీ 55కే పీ53 సంగతి చూసుకుంటే ఈ1బీ 19కే సెల్‌ని బతికించే మన సొంత ప్రోటీన్ బీసీఎల్-2 లాగా బాక్స్, బాక్‌లని పట్టుకుని కూర్చుంటుంది. హెచ్‌పీవీదీ (హ్యూమన్ పాపిల్లోమా వైరస్) ఇదే కథ, ఈ7 ఆర్‌బీ మీదకి, ఈ6 పీ53 మీదకి. ఒకటి అర్థమైతే రెండోది ఫ్రీ. ఇంకోటి, వైరస్ ఎప్పుడూ సెల్‌ని బతికించాలనే చూస్తుంది అనే స్టేట్‌మెంట్ ఇస్తే టిక్ పెట్టకండి, పని అయ్యాక సెల్ పగిలి బయటపడటానికి ఇదే అడినోవైరస్ దగ్గర డెత్ ప్రోటీన్ అని వేరే ఉంది.

ఇక నెక్రోప్టోసిస్ (కాస్పేస్‌లు లేకుండానే సెల్ పగిలి చావడం), ఇది చాలామంది స్కిప్ చేస్తారు. కాస్పేస్-8 మామూలుగా ఈ చావుని మొదలుపెట్టే రిప్‌కే1, రిప్‌కే3 అనే ప్రోటీన్లని కోసి పడేస్తుంది, వైరస్ దాన్ని ఆపేస్తే రిప్‌కే3 ఉన్న సెల్స్‌లో ఎంఎల్‌కేఎల్ అనే ప్రోటీన్ వెళ్లి మెంబ్రేన్‌ని చిల్లులు పొడుస్తుంది. ముందు తలుపు మూస్తే దొడ్డి తలుపు తెరుచుకున్నట్టు. అంటే నేను పైన బతుకుతుంది అన్న ఫాస్ ప్లేట్ కూడా, క్వశ్చన్‌లో రిప్‌కే3 ప్రస్తావన ఉంటే ఆలోచించి పెట్టాలి. మౌస్ సైటోమెగలోవైరస్ ఎం45 అనే ప్రోటీన్‌తో ఈ దొడ్డి తలుపుకీ గడియ పెడుతుంది. హెర్పిస్ వైరస్ ప్రోటీన్ ఐసీపీ6 ఇంకా తమాషా, మనిషి సెల్స్‌లో నెక్రోప్టోసిస్‌ని ఆపుతుంది, ఎలుక సెల్స్‌లో అదే మొదలుపెడుతుంది, కాబట్టి ఏ సెల్స్ అన్నారో ముందు చూడండి.

పైరోప్టోసిస్‌కి (ఇన్‌ఫ్లమేషన్ తెచ్చే సెల్ చావు) కాస్పేస్-1, మెంబ్రేన్‌కి చిల్లులు పెట్టే గ్యాస్‌డెర్మిన్ డి చాలు నాకైతే.

అన్నట్టు పురుగులకి వచ్చే బ్యాక్యులోవైరస్‌ది పీ35, అది కాస్పేస్‌లని ఆపేది, పీ53 కాదు. అంకెలు తిరగేసి చదివి సెకండ్ అటెంప్ట్‌లో ఒక నెగెటివ్ మార్క్ తెచ్చుకున్న ఘనత నాదే.