రెండో సబ్‌వూఫర్ కొన్నది మోత పెంచడానికి కాదు

మాది నిజాంపేటలో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. హోమ్ థియేటర్‌కంటూ వేరే గది లేదు, ఉన్నదల్లా హాలే. ఒక చివర గోడకి టీవీ, ఎదురు గోడకి ఆనించి నాన్న దివాన్, మధ్యలో సోఫా, కుడి గోడ పక్కన పిల్లాడి చదువుకునే టేబుల్, ఎడమ గోడకి షోకేసు. అమ్మ ఆ షోకేసులోనే ఇత్తడి కుందులు, గాజు సామాను సర్దిపెట్టుకుంది. అందరం రోజంతా ఉండేది ఇక్కడే కాబట్టి, ఒక్క కుర్చీలో బాగా వినిపిస్తే చాలదు.

మొదట ఒకటే సబ్‌వూఫర్ (లోతైన బేస్ శబ్దాలు మోగించే స్పీకర్, పొట్టిగా సబ్) ఉండేది, 12 అంగుళాల పోర్టెడ్ బాక్స్, అంటే గాలి పోవడానికి రంధ్రం ఉన్న పెట్టె. ఖాళీ ఉన్నది అక్కడే కదా అని టీవీ పక్కన మూలలో పెట్టేశా. సినిమా పెడితే నాన్న దివాన్ మీద నుంచి "ఒరేయ్, కొంచెం తగ్గించరా, గుండెల్లో గుద్దినట్టుంది" అనేవారు. సోఫాలో కూర్చున్న నాకేమో ఆ లోతైన ఉరుము వినిపించదు, పైపైన బుం బుం మని ఒకటే శ్రుతి. ఆయన కోసం తగ్గిస్తే నాకు అసలేమీ మిగలదు, నా కోసం పెంచితే ఆయన లేచి లోపలికి వెళ్లిపోతారు. ఇలా ఏడాది నడిచింది. తప్పు సబ్‌ది అనుకుని ఇంకా పెద్దది కొనబోయాను కూడా.

తప్పు సబ్‌ది కాదు, గదిది. ధ్వని వేగం సెకనుకి సుమారు 343 మీటర్లు. దాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే ఆ పొడవులో గోడల మధ్య అటూ ఇటూ తగిలి నిలిచిపోయే మొదటి ధ్వని అల ఎంత హెర్ట్జ్ (సెకనుకి కంపనాలు) దగ్గరో తెలుస్తుంది. మా హాలు పొడవు 18 అడుగులు, అంటే దాదాపు 5.5 మీటర్లు, లెక్క వేస్తే 31 హెర్ట్జ్. దాని రెట్టింపు 62 దగ్గర రెండో అల. వెడల్పు 12 అడుగులకి 47, ఎత్తు తొమ్మిదిన్నర అడుగులకి 59. ఈ అలలన్నీ గోడల దగ్గర గట్టిగా ఉంటాయి. 31 హెర్ట్జ్ అల మాత్రం గది సరిగ్గా మధ్యలో చచ్చిపోతుంది, 62 అల అదే మధ్యలో మళ్లీ శిఖరానికి వస్తుంది. నా సోఫా టీవీ గోడకి 9 అడుగుల దూరంలో, అంటే గది నట్టనడుమ ఉంది. నాకు ఉరుము లేకపోవడం, ఒకే శ్రుతి మోగడం రెండూ అందుకే. నాన్న వెనక గోడకి ఆనుకుని ఉన్నారు కాబట్టి ఆయనకి రెండూ పూర్తిగా తగిలేవి. పైగా 59, 62 పక్కపక్కనే ఉన్నాయి. మూలలో పెట్టిన సబ్ వీటన్నిటినీ ఒకేసారి రేపుతుంది. ఇది అర్థమైన రోజు నాన్న మీద విసుక్కున్న ప్రతిసారీ గుర్తొచ్చి చాలా బాధేసింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

హర్మన్ అనే ఆడియో కంపెనీలో టాడ్ వెల్టీ అనే పరిశోధకుడు 2002లోనే ఎన్ని సబ్‌లు ఎక్కడ పెడితే సీటు సీటుకీ తేడా తగ్గుతుందో లెక్కలు వేసి చూపించాడు. నాలుగు గోడల మధ్యల్లో నాలుగు పెట్టడం చాలా మంచి పద్ధతి, ఎదురెదురు గోడల మధ్యల్లో రెండు పెట్టినా బాగా పని చేస్తుంది. కానీ మా వెనక గోడ మధ్యలో దివాన్ ఉంది, నాన్న దాన్ని కదపనివ్వరు, నాకూ కదపాలని లేదు.

అందుకని పక్క గోడలు చూశా. 62 హెర్ట్జ్ అల గది పొడవులో పావు వంతు దగ్గర సున్నా అవుతుంది, అక్కడ పెట్టిన సబ్ దాన్ని దాదాపు రేపలేదు. 18లో పావు వంతు నాలుగున్నర అడుగులు. టేపు పెట్టి కొలిస్తే ఎడమ వైపు షోకేసు అంచు, కుడి వైపు పిల్లాడి టేబుల్‌కి ముందున్న ఖాళీ! ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా ఉంటే వెడల్పులో వచ్చే 47 కూడా రెండు వైపుల నుంచీ కొట్టుకుపోతుంది. షోకేసుని ఒక అడుగు జరిపాం, అంతే. అదే కంపెనీ, అదే మోడల్ ఇంకొకటి కొన్నా. సీల్డ్ (రంధ్రం లేని పెట్టె), పోర్టెడ్ కలిపితే కింది శ్రుతుల్లో ఫేజ్, అంటే అలలు లేచి పడే వేళ, కుదరక ఒకదాన్నొకటి తినేస్తాయి, ఆ తలనొప్పి ఎవరూ తెచ్చుకోవద్దు. సోఫాని రెండున్నర అడుగులు వెనక్కి జరిపి 31 చచ్చిపోయే చోటు నుంచి బయటికి తెచ్చా. కేబుల్ 8 మీటర్లు పట్టింది, గోడ వెంట కేసింగ్ పట్టీలో దాచేశాం.

తర్వాత సెట్టింగులు. ఒక్కో సబ్‌ని విడిగా మోగించి సోఫా దగ్గర రెండూ సమానంగా వచ్చేలా గెయిన్ (సబ్ మీదుండే వాల్యూమ్ నాబ్) సరిచేశా. రెండూ కలిస్తే 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది, కాబట్టి ఇప్పుడు రెండింటి నాబ్‌లూ పాత ఒక్కదాని కన్నా బాగా కిందున్నాయి. స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్లో మిగతా స్పీకర్లన్నీ స్మాల్ అని పెట్టా, అంటే వాటి బేస్ సబ్‌కి వెళ్తుంది. అలా విడదీసే హద్దు, క్రాసోవర్, 80 హెర్ట్జ్. ఆ పని రిసీవరే చేస్తుంది కాబట్టి సబ్ వెనకున్న ఫిల్టర్ నాబ్ ఎక్కువ వైపు చివరిదాకా తిప్పేసి వదిలేశా. సోఫాకి రెండు సబ్‌లూ సమాన దూరమే కాబట్టి డిలే, అంటే ఒకదాని శబ్దం ఆలస్యంగా చేరే గొడవ, లేదు. గది ధ్వనిని కొలిచే రెవ్ (REW) అనే ఉచిత సాఫ్ట్‌వేర్, యూమిక్ అనే కొలత మైకు పెట్టి సోఫాలో మూడు చోట్ల, దివాన్ మీద, టేబుల్ దగ్గర కొలిచా. దివాన్ దగ్గర 60 చుట్టూ కొండలా నిలబడ్డది గుట్టంతకి దిగింది. ఎత్తు వల్ల వచ్చే 59 మాత్రం సబ్ నేల మీదే ఉంటుంది కాబట్టి పూర్తిగా పోలేదు, ఆ మిగిలింది ఈక్యూతో (ఏ శ్రుతి ఎంత మోగాలో సరిచేసే ఈక్వలైజర్) కోశా. గుట్టని ఈక్యూ కోయగలదు కానీ గుంటని పూడ్చలేదు, పూడ్చబోతే యాంప్లిఫయర్ శక్తంతా అందులోనే పోతుంది. అందుకే ముందు చోటు చూసుకోవాలి.

షోకేసు గలగల సంగతి వేరు. 20 నుంచి 120 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్ వేసి నేను ఒక్కో అర మీద చెయ్యి పెట్టుకుంటూ వెళ్లా, అమ్మ చెవి ఒగ్గి "ఇదిగో, ఈ కుందిరా" అని పట్టేసింది. కుంది పైన దీపపు పళ్లెం మర దగ్గర కాస్త వదులైంది. బిగించి, అద్దాల కింద రబ్బరు ముక్కలు పెట్టాం.

నాన్న మొన్న ఆదివారం సినిమా మొత్తం దివాన్ మీదే కూర్చుని చూశారు. తగ్గించమనలేదు.

ఇక కింది ఫ్లాట్ వాళ్లు. సబ్‌ల కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే నేలకి పాకే అదురు కొంత తగ్గుతుంది, గాల్లో వచ్చే బేస్‌ని మాత్రం స్లాబు పూర్తిగా ఆపదు. అందుకే పిల్లాణ్ణి పైన రిమోట్ దగ్గర ఉంచి, నేను కింద ఆంటీ వాళ్ల హాల్లో నిలబడి ఫోన్లో "తగ్గించు, ఇంకొంచెం" అని చెప్తూ విన్నా. రిసీవర్ వాల్యూమ్ మైనస్ 25 దగ్గర ఆవిడ "ఇప్పుడేం తెలియట్లేదు బాబూ" అన్నారు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక మా ఇంట్లో వాల్యూమ్ అదే.